ట్రక్కు కంటే ముందు కాగితం తీయండి

అమెరికాలో ఏ ట్రక్కుల షోరూంలో అడుగుపెట్టినా సేల్స్‌మన్ తొందరగా తెలుసుకోవాలనుకునేది ఒక్కటే. ‘‘నెలకు ఎంతలో చూస్తున్నారు?’’ జవాబు చెప్పకండి. చెప్పారంటే బేరం మీ చేయి దాటిపోయినట్టే. నెలకు 900 డాలర్లన్నారనుకోండి, ఆ అంకెలో ఏ బండినైనా ఇరికించడం వాళ్లకు నిమిషాల పని. వాయిదాలను 60 నెలల నుంచి 84 నెలలకు సాగదీస్తారు. లేదా లీజులోకి తిప్పుతారు. లేదా డౌన్ పేమెంట్ పెంచుతారు. మీరడిగిన 900 అలాగే ఉంటుంది. మీ జేబులోంచి పోయే మొత్తం మాత్రం వేలల్లో పెరుగుతుంది.

టెక్సస్‌లో ఉంటే పికప్ మీద మనసు పడటం సహజం. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి పక్కింటి ముందు ఒకటి, ఎదురింటి ముందు ఇంకొకటి కనిపిస్తూనే ఉంటాయి. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ కాస్త సౌకర్యాలున్న ఫుల్‌సైజ్ ట్రక్కు 60 వేల డాలర్లను సులువుగా దాటుతుంది. చాలామందికి ఇంటి తర్వాత అంత పెద్ద ఖర్చు ఇదే. ఇంత సొమ్మును షోరూం దీపాల వెలుగులో కాకుండా మన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని తేల్చుకోగలిగితే, ఆ నేర్పు ట్రక్కుతోనే ఆగదు. ఉద్యోగం మారేటప్పుడూ పనికొస్తుంది, పిల్లల కాలేజీ ఎంచుకునేటప్పుడూ పనికొస్తుంది.

1772లో రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్‌లీ ఒక కొత్త ఉద్యోగం ఒప్పుకోవాలా వద్దా అని ఊగిసలాడుతూ బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను సలహా అడిగాడు. ఏం చేయాలో ఫ్రాంక్లిన్ చెప్పలేదు. ఎలా తేల్చుకోవాలో ఉత్తరం రాశాడు. కాగితాన్ని గీతతో రెండుగా విడదీసి ఒకవైపు అనుకూలాలు, మరోవైపు ప్రతికూలాలు రాయమన్నాడు. అదీ ఒక్క పూటలో కాదు, మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా. ఆ తర్వాత రెండువైపులా సమానంగా తూగేవాటిని కొట్టేస్తూ రమ్మన్నాడు. ఆ పద్ధతిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ కొట్టేయడమే. పోలికల్లో మనం తికమకపడేది తేడాలు ఎక్కువై కాదు, తేడా లేనివాటి గురించి గంటలు గంటలు వాదించుకోవడం వల్ల.

ఫోర్డ్ ఎఫ్-150, షెవ్రొలే సిల్వరాడో 1500, రామ్ 1500, టయోటా టండ్రా. ఈ నాలుగింటి పేర్లూ కాగితం మీద రాసి కొట్టేయడం మొదలుపెట్టండి. నాలుగు తలుపుల క్యాబ్, పొట్టి బెడ్ ఉన్న రకం తీసుకుంటే నాలుగూ 19 అడుగుల పొడవు దాటినవే. నాలుగింటిలోనూ ఐదుగురు కాళ్లు బారజాపుకుని కూర్చోవచ్చు. సరైన ఇంజిన్, సరైన ప్యాకేజీ ఉంటే నాలుగూ 11 వేల పౌండ్లకు పైగా లాగుతాయి. కొట్టేయండి. ‘అమెరికా బండి, జపాన్ బండి’ అన్న వాదనా కొట్టేయండి. టండ్రా తయారయ్యేది టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో. సిల్వరాడోలు కొన్ని ఇండియానాలోని ఫోర్ట్ వేన్ నుంచి వస్తే, కొన్ని మెక్సికోలోని సిలావ్ నుంచి వస్తాయి. జపాన్ కంపెనీ ట్రక్కు ఇక్కడే తయారవడం వెనక ఒక పాత కథ ఉంది. అమెరికా కోళ్ల మీద ఐరోపా దేశాలు సుంకం వేశాయన్న కోపంతో 1964లో అమెరికా దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. కోళ్ల గొడవ ఎప్పుడో ముగిసినా ఆ సుంకం మాత్రం పోలేదు. ఇక్కడ ట్రక్కు అమ్మదలచినవాళ్లు ఇక్కడే ఫ్యాక్టరీ పెట్టడానికి అదొక పెద్ద కారణం.

‘మా బావ పదేళ్లుగా ఇదే కంపెనీ వాడుతున్నాడు, ఒక్క రిపేరూ రాలేదు’ అన్న మాటకు కూడా అంత బరువివ్వకండి. మన్నికకు మారుపేరైన టయోటాయే 2022, 2023 మోడళ్ల ఇంజిన్లలో లోహపు రజను మిగిలిపోయిందని 2024లో లక్షకు పైగా బండ్లను వెనక్కి పిలిచింది. మరుసటి ఏడాది జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వి8 ఇంజిన్ లోపంతో దాదాపు ఆరు లక్షల ట్రక్కులను, ఎస్‌యూవీలను పిలిచింది. పేరును కాక, మీరు కొనబోయే ఏడాదినీ ఆ ఇంజిన్‌నూ చూడండి. నేషనల్ హైవే ట్రాఫిక్ సేఫ్టీ అడ్మినిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లో బండి గుర్తింపు సంఖ్య, అంటే విన్ నంబర్ కొడితే పెండింగ్ రీకాల్స్ ఉచితంగా తెలుస్తాయి.

ఇంత కొట్టేశాక మిగిలేవి కొన్నే. అవే నిజమైన తేడాలు. రామ్ వెనక ఇరుసుకు 2009 మోడల్ నుంచి కాయిల్ స్ప్రింగులు వాడుతోంది. మామూలు ఎఫ్-150, సిల్వరాడో ఇంకా పాతకాలపు లీఫ్ స్ప్రింగుల మీదే నడుస్తాయి. బెడ్ ఖాళీగా ఉన్నప్పుడు గతుకుల రోడ్డు మీద ఆ తేడా నడుముకు తెలుస్తుంది. టండ్రా కూడా 2022లో కాయిల్‌కు మారింది, అయితే వి8ను వదిలేసింది. ఎఫ్-150 బాడీ 2015 నుంచి అల్యూమినియం. తుప్పు పట్టదు, తేలిక. డెంట్ పడితే మాత్రం అల్యూమినియం పని చేయగలిగిన షాపు చూసుకోవాలి. ఎఫ్-150 హైబ్రిడ్‌లో ఇంట్లో వస్తువులు నడిపేంత కరెంటు ఇచ్చే ప్లగ్గులున్నాయి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ గ్రిడ్ చేతులెత్తేసినప్పుడు కొందరు ఆ ట్రక్కులతోనే ఇంట్లో హీటర్లు, దీపాలు వెలిగించుకున్నారు. ఆ రాత్రుల్లో పసిపిల్లలతో వణికిన కుటుంబానికి ఈ ఒక్క గీత మిగతా అన్నిటికంటే బరువు తూగవచ్చు. తూగనివ్వండి. అది మీ కాగితం.

ఇప్పుడు అసలు కొలతకు వద్దాం. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు గుర్తున్న స్టిక్కర్ ఒకటి కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో అందులో ఉంటుంది. ప్రకటనల్లో కనిపించే టోయింగ్ అంకె ఆ మోడల్‌లో అన్నిటికంటే బలమైన రకానిది. స్టిక్కర్ మీదున్నది మీ ముందున్న బండిది. సన్‌రూఫ్, తోలు సీట్లు, పెద్ద చక్రాలు చేరేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. ఉదాహరణకు స్టిక్కర్ మీద 1,500 పౌండ్లుంది. మీరు 8 వేల పౌండ్ల క్యాంపింగ్ ట్రైలర్ తగిలించారు. ట్రైలర్ బరువులో మామూలుగా 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడుతుంది. తక్కువలో తక్కువ వేసుకున్నా 800. ఇంట్లో నలుగురి బరువు కలిపి 600. ఇక మిగిలింది 100 పౌండ్లు. ఐస్‌బాక్సు, నీళ్ల క్యాన్లు, బియ్యం బస్తా పెట్టగానే పరిమితి దాటేస్తారు. 11 వేలు లాగుతుందని కొన్న బండి 8 వేల దగ్గరే ఆగిపోయింది! ఈ లెక్క మీకు ఎవరూ చేసిపెట్టరు, తలుపు దగ్గర వంగి మీరే చదువుకోవాలి.

ట్రైలరే లేదు, ఎప్పుడైనా హోమ్ డిపో నుంచి ప్లైవుడ్ తెచ్చుకుంటాం అనేవాళ్లు మరో ప్రశ్న వేసుకోవాలి. ఏడాదికి ఎన్నిసార్లు? వేళ్ల మీద లెక్కించగలిగితే ఆ రోజులకు ట్రక్కు అద్దెకు తీసుకుని మిగతా రోజులకు ఎస్‌యూవీ నడుపుకోవచ్చు. అయినా ట్రక్కే కావాలనిపిస్తే ‘ఇష్టం’ అని కాగితం మీద నిజాయితీగా రాయండి. ఇష్టమూ కారణమే. దానికి అవసరం వేషం వేస్తేనే చిక్కు. అవసరమని మనల్ని మనం నమ్మించుకున్నప్పుడు ఖర్చుకు హద్దు గీయం.

టెస్ట్ డ్రైవ్‌కు ఒంటరిగా వెళ్లకండి. పిల్లల కార్ సీటు తీసుకెళ్లి బిగించి చూడండి. బండిని మీ గరాజ్‌లో పెట్టి తలుపు దిగుతుందో లేదో చూడండి. 20 అడుగుల గరాజ్‌లో 19 అడుగులు దాటిన బండి దూరితే ముందు ఫ్రిజ్‌కు చోటుండదు. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుండే ఇల్లయితే, మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఆ ఎత్తు ఎక్కగలదా? సైడ్ స్టెప్ ఉన్న బండిలో ఒకసారి ఎక్కించి దింపండి. నాలుగు కంపెనీల మధ్య మీరు వారం రోజులు వెతికిన తేడా అమ్మ ఒక్క అడుగులో తేల్చేస్తుంది.

ఎక్కడ ఆగాలో కూడా ముందే రాసుకోవాలి. ఆర్థికశాస్త్రంలో 1978 నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ చెప్పింది ఇదే. మనిషి అన్నిటినీ తూచి అత్యుత్తమాన్ని వెతకలేడు, తనకు చాలినంత మంచిదేదో నిర్ణయించుకుని అది దొరకగానే ఆగుతాడు. మీ కాగితం మీదున్న నాలుగైదు షరతులు తీరిన మొదటి బండి దగ్గర ఆగండి. కొన్నాక రివ్యూలు చూడటం మానేయండి.

ఇక కొనాలా, లీజా? దీని మీద విందుల్లో జరిగే వాదనలకు లెక్కేలేదు. ‘లీజంటే డబ్బు గాలికి పోవడమే’ అని ఒకరు, ‘తరిగిపోయే వస్తువును ఎవడు కొంటాడు’ అని ఇంకొకరు. ఒక్కసారి లెక్క వేద్దాం. పన్నులు పక్కనపెట్టి 60 వేల డాలర్ల బండి, మూడేళ్ల తర్వాత దాని విలువ 36 వేలు, వడ్డీ 6 శాతం. లీజులో మూడేళ్ల తరుగు 24 వేలు, 36 నెలలకు పంచితే నెలకు 667. దానికి వడ్డీ కలపాలి. లీజులో దాన్ని రెంట్ చార్జ్ అంటారు, మనీ ఫ్యాక్టర్ అనే అంకెతో లెక్కిస్తారు. మనీ ఫ్యాక్టర్‌ను 2,400తో గుణిస్తే వడ్డీ శాతం వస్తుంది, కాబట్టి ఇక్కడ అది 0.0025. బండి ధరనూ చివరి విలువనూ కలిపి దానితో గుణిస్తే నెలకు 240. మొత్తం 907. అదే బండిని 72 నెలల అప్పు మీద కొంటే నెలకు 994. మూడేళ్లలో కొన్నవాడు దాదాపు 3,150 డాలర్లు ఎక్కువ కట్టాడు. అప్పటికి అతని బాకీ సుమారు 32,700, బండి విలువ 36 వేలు. చేతిలో 3,300 మిగులు. అంటే ఇంచుమించు ఇద్దరూ సమానమే! ఒకే వడ్డీ, ఒకే విలువ అయితే ఏ దారిలోనూ మాయా లేదు, మోసమూ లేదు. తేడా ఎక్కడంటే, మూడేళ్ల తర్వాత బండి ధర పడిపోతే ఆ నష్టం ఎవరిది అన్నదగ్గర. లీజయితే కంపెనీది, కొంటే మీది. నాలుగో ఏడాది నుంచి కూడా అదే బండి నడపదలచుకుంటే కొనడం గెలుస్తుంది. పదేళ్లుంచుకునేవాడికి లీజు ఊసే అక్కర్లేదు.

మైళ్లు కూడా మరవకండి. లీజులు సాధారణంగా ఏడాదికి 10, 12, 15 వేల మైళ్లతో వస్తాయి. 12 వేలకు ఒప్పుకుని 16 వేలు తిరిగితే మూడేళ్లకు 12 వేల మైళ్లు ఎక్కువ. మైలుకు 25 సెంట్ల చొప్పున 3 వేల డాలర్లు. ఊహించకండి, ఇప్పుడు నడుపుతున్న కారు ఓడోమీటర్ చూసి రాయండి. లీజులో పెద్ద డౌన్ పేమెంట్ కూడా వద్దు. రెండో నెలలో ప్రమాదం జరిగి బండి టోటల్ అయితే ఇన్సూరెన్స్ సొమ్ము లీజు కంపెనీకి పోతుంది, మీరు ముందు కట్టింది తిరిగి రాదు. ఒప్పందంలో రెంట్ చార్జ్ ఎంతో డాలర్లలో చూపాలని చట్టం ఉంది, మనీ ఫ్యాక్టర్ చూపాలని లేదు. అందుకే నోరు తెరిచి అడగాలి.

టెక్సస్‌వాళ్లకు మరో లెక్క. చాలా రాష్ట్రాల్లో లీజు పన్ను నెలవారీ కట్టే మొత్తం మీదే పడుతుంది. టెక్సస్‌లో బండి పూర్తి ధర మీద 6.25 శాతం లీజు కంపెనీకి పడుతుంది, వాళ్లు సాధారణంగా మీకే అంటగడతారు. 60 వేలకు 3,750. లీజు చివర ఆ బండినే కొనుక్కుంటే 36 వేల మీద మళ్లీ 2,250. అందుకే ‘లీజు తీసుకుని నచ్చితే కొనుక్కుందాం’ అన్న ఆలోచన టెక్సస్‌లో దండగ అని నా అభిప్రాయం. 2025 నుంచి 2028 వరకు మరో వెసులుబాటు కూడా కొనుగోలు వైపే ఉంది. సొంత వాడకానికి అప్పు మీద కొన్న కొత్త బండి చివరి తయారీ అమెరికాలో జరిగి ఉంటే, ఆదాయ పరిమితికి లోబడి ఏడాదికి 10 వేల డాలర్ల దాకా వడ్డీని ఆదాయంలోంచి తీసేసుకోవచ్చు. లీజుకు అది లేదు. ఇక్కడే ఫోర్ట్ వేన్, సిలావ్ తేడా డబ్బుగా మారుతుంది. విన్ నంబర్ 3తో మొదలైతే ఆ బండి మెక్సికోది.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఇంకో గీత గీసుకోవాలి. ఉద్యోగం పోతే దేశంలో ఉండేందుకు ఇచ్చే గడువు గరిష్ఠంగా 60 రోజులు. లీజును మధ్యలో తెంచుకోవడం చాలా ఖరీదు. కొన్న బండిని అమ్మొచ్చు, కానీ డౌన్ పేమెంట్ లేకుండా 84 నెలలకు తీసుకుని ఉంటే బాకీ కంటే బండి విలువ తక్కువై చేతినుంచి ఎదురు కట్టాలి. గ్రీన్‌కార్డు లైనులో ఉన్న కుటుంబానికి నేనిచ్చే సలహా సూటిగా చెప్తాను. కనీసం 20 శాతం ముందు కట్టి, ఐదేళ్లకు మించని అప్పు తీసుకోండి. అది కుదరకపోతే రెండు మూడేళ్లు వాడిన ట్రక్కు చూడండి. మొదటి తరుగు మరొకరు భరించేశారు.

బండి తేలాక మూడు నాలుగు డీలర్లకు ఒకే మెయిల్ పంపండి. మోడల్, రంగు, ప్యాకేజీ రాసి, పన్నులూ ఫీజులూ అన్నీ కలిపిన ‘అవుట్ ద డోర్’ ధర రాతపూర్వకంగా అడగండి. నెలవారీ అంకె పంపినవాళ్లకు మళ్లీ అదే ప్రశ్న పంపండి. క్రెడిట్ యూనియన్ నుంచి వడ్డీ రేటు ముందే తెచ్చుకుని జేబులో పెట్టుకోండి. చివరగా ఫైనాన్స్ గదిలో ఎక్స్‌టెండెడ్ వారంటీ, పెయింట్ ప్రొటెక్షన్ ఒక్కొక్కటిగా ముందుకు తోస్తూ ‘నెలకు పాతిక డాలర్లేగా’ అంటారు. పాతికను 72తో గుణించి 1,800 అని వాళ్ల ముందే రాయండి. సంతకం పెట్టాక మూడు రోజుల్లో వెనక్కివ్వొచ్చన్నది చాలామందికి ఉన్న అపోహ. టెక్సస్‌లో డీలర్ దగ్గర కొన్న బండికి అలాంటి హక్కు లేదు. అందుకే ఫైనాన్స్ గదిలో ఇచ్చిన కాగితాలు ఫొటో తీసుకుని ఇంటికి వచ్చేయండి. ఇద్దరూ కూర్చుని అంకెలన్నీ మరోసారి కూడి చూసుకుని, మర్నాడు వెళ్లి సంతకం పెట్టండి.