పెరట్లో తంగేడు పెంచుదాం

తంగేడు పువ్వు మనందరికీ తెలుసు. పసుపు రంగులో బంగారంలా మెరుస్తుంది. తంగేడు లేకుండా బతుకమ్మను పేర్చము. 2014లో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

మనది అమరచింత. పాత పాలమూరు జిల్లా. కరువుకు పేరుపడ్డ సీమ. దగ్గరలోనే కృష్ణానది మీద జూరాల ప్రాజెక్టు ఉంది. కాలువ కింద వరి పండుతుంది. కాలువ అందని చెల్కలు మాత్రం వాననే నమ్ముకున్నాయి. ఆ చెల్కల గట్ల మీద, గుట్టల మీద తంగేడు తానే మొలుస్తుంది. ఎవరూ విత్తరు. ఎవరూ నీళ్లు పోయరు.

మరి పెరట్లో పెంచడం ఎందుకు?

గట్లు చదును చేస్తున్నాము. బీళ్లు ప్లాట్లు అవుతున్నాయి. పండుగ వస్తే కొమ్మలతో సహా విరిచి తెస్తున్నాము. పువ్వంతా తెంపితే కాయ ఉండదు. కాయ లేకుంటే విత్తనం ఉండదు. విత్తనం లేకుంటే రేపు చెట్టు ఎక్కడిది?

ఒక అత్తా కోడళ్ల మాటలు వినండి.

కోడలు: అత్తమ్మా, తాగనీకె నీళ్లు మోస్తున్నం. ఇగ చెట్లకు యాడికెల్లి తేవాలె?

అత్త: తంగేడుకు మొదటి ఎండాకాలం పోస్తే చాలు బిడ్డా. కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్లే పొయ్యి. తర్వాత అదే బతుకుతది.

కోడలు: గుట్ట మీది మొక్క పీకి తెస్తే కాదా?

అత్త: దాని వేరు లోతుకు పోతది. పీకితే తెగుతది. విత్తనం పెట్టుడే మేలు.

అత్త చెప్పింది నిజం. వేరు లోతుకు పోతుంది కాబట్టే తంగేడు కరువుకు తట్టుకుంటుంది. పశువులు కూడా దీన్ని అంతగా మేయవు.

ఎట్లా పెంచాలి?

1. పండుగ పోయాక కాయలు ముదురుతాయి. గోధుమ రంగుకు వచ్చి ఎండినప్పుడు కోయండి. విత్తనాలు తీసి దాచండి.

2. విత్తనం పెంకు గట్టిది. నీళ్లు మరిగించి పొయ్యి మీది నుంచి దించండి. కొంచెం చల్లారాక విత్తనాలు వేయండి. రాత్రంతా నాననివ్వండి. ఉబ్బిన విత్తనాలు విత్తండి.

3. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి సంచుల్లో నింపండి. సంచికి రెండు గింజలు పెట్టండి. ఎండాకాలం చివర ఈ పని చేయండి.

4. వానలు పడగానే అడుగు లోతు గుంత తీసి నాటండి. మొక్కకు మొక్కకు 5 అడుగుల దూరం ఉండాలి. ఎండ బాగా తగలాలి. నీళ్లు నిలవకూడదు.

5. మొదటి ఎండాకాలం వారానికి ఒకసారి నీళ్లు పోయండి. పాదులో ఎండుటాకులు పరిస్తే తేమ ఆరదు.

6. కాయలు కోశాక కొమ్మలు కత్తిరించండి. చెట్టు గుబురుగా పెరుగుతుంది.

ఆకుల మీద గొంగళి పురుగులు కనబడితే మందు కొట్టకండి. తంగేడు ఆకు తిని పెరిగే సీతాకోకచిలుకలు ఉన్నాయి.

తంగేడుతో ఇంకా లాభాలు ఉన్నాయి. దాని రొట్టను వరి మడిలో తొక్కితే ఎరువు అవుతుంది. దాని చెక్కతో తోలు ఊనేవారు. పువ్వు కషాయం షుగరు జబ్బుకు మంచిదని కొందరు తాగుతారు. అది నమ్మి డాక్టరు ఇచ్చిన మందులు మాత్రం మానకండి.

పూలు కోసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. పువ్వు తెంపండి, కొమ్మ విరవకండి. ప్రతి చెట్టుకు కొన్ని పూలు విడిచిపెట్టండి. అవే వచ్చే ఏటి విత్తనాలు.

చర్చించండి

మీ ఊరిలో తంగేడు ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? మీ చిన్నప్పుడు ఎక్కడ దొరికేది?

మీ సంఘంలో ఒక్కొక్కరు రెండు మొక్కలు పెంచితే, వాడకు ఎన్ని చెట్లు అవుతాయి? లెక్క వేసి రాయండి.