డయాలిసిస్ రోగి ఎముకలు, గుండె: రక్త పరీక్ష కాగితం చెప్పే మాట



మన సంస్థ సాయంతో వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకుంటున్న ఒక పెద్దాయన నిరుడు గుండె ఆగి ఇంట్లోనే కన్నుమూశారు. ఆయన ఒక్క విడత కూడా మానలేదు. తర్వాత ఫైలు తిరగేస్తే, ఫాస్ఫరస్ పరీక్ష చేయించి ఏడాది దాటిందని తెలిసింది. దానివల్లే పోయారని మేము అనలేము. కానీ మిషను ఖర్చు కట్టేస్తే మన పని అయిపోయిందనుకోవడం పొరపాటని మాకు అర్థమైంది.

డయాలిసిస్ రోగుల మరణాలకు ముఖ్య కారణాల్లో మొదటి వరుసలో నిలిచేది గుండె జబ్బే. సాధారణ ప్రజలతో పోలిస్తే వారికి ఆ ముప్పు 10 నుంచి 20 రెట్లు ఎక్కువని 1990లలోనే పరిశోధకులు లెక్కగట్టారు. దీనికి బీపీ, షుగర్‌లతో పాటు ఎముకల్లో వచ్చే మార్పులకూ సంబంధం ఉంది.

ఎలాగంటే, తిండితో వచ్చే అదనపు ఫాస్ఫరస్‌ను మంచి కిడ్నీలు మూత్రంలో పంపేస్తాయి. విటమిన్ డి పనిచేసేలా చేసి, కాల్షియం ఒంటికి పట్టేందుకు తోడ్పడతాయి. కిడ్నీలు పాడైతే ఫాస్ఫరస్ పేరుకుంటుంది, కాల్షియం తగ్గుతుంది. అప్పుడు మెడలో, థైరాయిడ్ వెనుక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్ అనే హార్మోన్‌ను ఎక్కువగా వదిలి, ఎముకల నుంచి కాల్షియం లాగుతాయి. ఎముక బోలుబడుతుంది. రక్తంలో మిగిలిన కాల్షియం, ఫాస్ఫరస్ రక్తనాళాల గోడల్లో చేరి, వాటిని సున్నం పట్టిన గొట్టాల్లా గట్టిపరుస్తాయి. అలాంటి నాళాల్లోకి రక్తం నెట్టలేక గుండె కండరం మందమవుతుంది. ఎముకల నుంచే వచ్చే ఎఫ్‌జీఎఫ్-23 అనే మరో హార్మోన్ కూడా ఈ రోగుల్లో విపరీతంగా పెరుగుతుంది. దానికీ గుండె మందం కావడానికీ సంబంధం ఉందని అధ్యయనాలు చూపాయి.

ఈ చివరిది మామూలు ల్యాబుల్లో చేసేది కాదు. చూడవలసినవి నాలుగు: కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్. పెద్దవారిలో ఫాస్ఫరస్ సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. డయాలిసిస్ రోగిలో పెరిగిన విలువను వీలైనంత ఆ దరికి తేవాలి. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం కాల్షియం, ఫాస్ఫరస్ 1 నుంచి 3 నెలలకోసారి, పీటీహెచ్ 3 నుంచి 6 నెలలకోసారి చూడాలి. ఒక్క రిపోర్టుతో కంగారు పడనక్కరలేదు. వరుసగా వచ్చిన రిపోర్టులు ఎటు పోతున్నాయన్నది ముఖ్యం.

"డయాలిసిస్ చేయిస్తున్నాం కదా, ఫాస్ఫరస్ పోదా?" అని చాలామంది అడుగుతారు. ఒక విడతలో పోయేది కాస్త అటూ ఇటూగా ఒక రోజు తిండితో వచ్చేంత మాత్రమే. విడతలు మూడు, తినే రోజులు ఏడు. అందుకే డాక్టర్లు ఫాస్ఫరస్‌ను పట్టి ఉంచే మాత్రలు రాస్తారు. వీటిని అన్నంతో పాటే వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే ఆ మాత్ర దాదాపు వృథా.

కోలా డ్రింకులు, నిల్వ ఉండేందుకు ఫాస్ఫేట్లు కలిపిన ప్యాకెట్ మాంసం మానడం మంచిది. అలాగని మాంసం, గుడ్లు పూర్తిగా మాన్పించకండి, ఈ రోగులకు ప్రొటీన్ అవసరం. ఎముకల నొప్పులంటే పాయా తాగించడం, దుకాణంలో కాల్షియం మాత్రలు కొనివ్వడం మన ఇళ్లలో అలవాటు. డాక్టరును అడగకుండా ఆ పని చేయవద్దు.

ఒక నిజం దాచకూడదు. పీటీహెచ్ తగ్గించే మందుపై 3,883 మంది డయాలిసిస్ రోగులతో చేసి 2012లో వెలువరించిన పరీక్షలో, మరణాలూ గుండె ప్రమాదాలూ స్పష్టంగా తగ్గినట్టు తేలలేదు. అంకె దిగితే గుండె భద్రమని హామీ లేదు. అయినా అంకె తెలియకపోతే డాక్టరు చేయగలిగింది కూడా చేయలేరు.

కాబట్టి దాతలకు మా విన్నపం: ఒక రోగి డయాలిసిస్‌కు సాయం చేసేటప్పుడు ఆ పరీక్షలకు, మాత్రలకు కూడా కొంత కేటాయించండి. ఇంటివాళ్లను మూడు మాటలు అడగండి. చివరి పరీక్ష ఎప్పుడు చేయించారు? మాత్రలు ఇంట్లో ఉన్నాయా? అన్నంతోనే వేస్తున్నారా? ఆ పెద్దాయన ఇంట్లో మేము ఇవి అడగలేదు. ఇకపై ఏ ఇంట్లోనూ అడగకుండా రాము, ఇన్‌షా అల్లాహ్.