చేతులకు బలమిచ్చు స్నేహము

బైబిలు పాఠము: 1 సమూయేలు 23:14–18, మార్కు 2:1–12, 2 తిమోతి 1:16–18



స్నేహమును గూర్చి గుడిలో మనము తరచుగా మాటలాడుకొనము. విశ్వాసము, ప్రార్థన, కానుక, బాప్తిస్మము, వీటిని గూర్చి పాఠములు చెప్పుకొందుము. స్నేహమనునది టీ కొట్టు దగ్గర, పొలము గట్టుమీద, పెండ్లి పందిటిలో దానంతట అదే కలుగునది గదా, దానికి వాక్యముతో ఏమి పని యని తలంచుదుము. కాని లేఖనములను నిదానముగా చదివినచో, దేవుడు తన బిడ్డల విశ్వాసమును నిలువబెట్టుటకు పలుమారులు ఒక స్నేహితునినే పంపినట్లు చూతుము. స్నేహము విశ్వాసమునకు బలమిచ్చును. విశ్వాసము స్నేహమును శుద్ధిచేయును. ఈ రెంటిని ఈ నెల కలిసి ధ్యానింతము.

1. యోనాతాను లేచి వెళ్లెను

దావీదు యోనాతానుల స్నేహమనగానే మనకు 18వ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చును. అక్కడ యోనాతాను తన దుప్పటిని, కత్తిని, విల్లును, నడికట్టును దావీదునకిచ్చెను. అవి మంచి దినములు. గొల్యాతు పడియుండెను, ఊరూర స్త్రీలు దావీదును పొగడుచుండిరి. అట్టి దినములలో స్నేహితులకు కొదువ యుండదు.

23వ అధ్యాయములోని దినములు వేరు. ఫిలిష్తీయులు కెయీలా పట్టణస్థుల కళ్లములను దోచుకొనుచుండగా దావీదు వెళ్లి వారిని విడిపించెను. అయినను సౌలు వచ్చినయెడల ఆ పట్టణస్థులే తన్ను పట్టి యప్పగింతురని దేవునివలన తెలిసికొని, ఇంచుమించు 600 మందితో అరణ్యము పట్టెను. మేలు పొందినవారే విడిచిపెట్టుదురని తెలిసికొనుట ఎంత చేదైన సంగతియో, ఊరిలో పదిమందికి ఉపకారము చేసి దెబ్బతిన్నవారికి చెప్పనక్కరలేదు.

ఆ సమయమున యోనాతాను జీఫు అరణ్యమునకు వచ్చెను. ఇందులో మూడు సంగతులు గమనింతము.

మొదటిది, అతడు తానే వెళ్లెను. వెంట తరుముచున్నవాడు తన తండ్రియే. వర్తమానము పంపి యూరకుండినను ఎవరును తప్పుపట్టరు. అయినను అతడు వెళ్లెను.

రెండవది, అతడు సైన్యమును తెచ్చెనని గాని, ధనము తెచ్చెనని గాని వ్రాయబడలేదు. దేవుడు దావీదునకు చేసిన వాగ్దానమును జ్ఞాపకము చేసెను, భయపడవద్దనెను, నీవు రాజవగుదువని చెప్పెను. తన మాట వలన గాక దేవుని మాట వలన స్నేహితుడు ధైర్యము తెచ్చుకొనునట్లు చేసెను. నేనున్నాను గదా అని చెప్పు స్నేహము మంచిదే. కాని మనము రేపు ఉందుమో లేదో తెలియదు. దేవుడున్నాడని చెప్పు స్నేహము మనము వెళ్లిపోయిన తరువాతను నిలుచును.

మూడవది, పుట్టుకను బట్టి సింహాసనము తనకు రావలసినది. దావీదు రాజైతే తాను రెండవవాడై యుందునని సంతోషముగా ఒప్పుకొనెను. విశ్వాసము లేనిచోట ఇట్టి మాట పుట్టదు. దేవుడు ఒకరికిచ్చినది మన నోటి దగ్గరనుండి లాగికొన్నది కాదని నమ్మినవానికే స్నేహితుని మేలు తన మేలుగా కనబడును.

తరువాత ఏమి జరిగెను? దావీదు వనములోనే నిలిచెను, యోనాతాను ఇంటికి వెళ్లెను. కష్టము తీరలేదు. జీఫీయులు వెంటనే సౌలునకు సమాచారము చెప్పిరి. ఆ యిద్దరు మరల కలిసికొన్నట్లు గ్రంథములో ఎక్కడను లేదు; యోనాతాను గిల్బోవ కొండమీద చనిపోయెను. అయినను ఆ స్నేహము చావలేదు. సంవత్సరములు గడచిన తరువాత రాజైన దావీదు, యోనాతాను కుమారుడైన కుంటి మెఫీబోషెతును వెదకి పిలిపించి, తన బల్లయొద్ద భోజనమునకు కూర్చుండబెట్టెను.

2. మోయువారి విశ్వాసము

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. గుంపునుబట్టి లోపలికి పోలేక ఇంటి కప్పు విప్పిరి. మన పెద్దల కాలమునాటి మట్టి మిద్దెలను చూచినవారికి ఆ పని యెట్టిదో తెలియును. దుమ్మంతయు క్రింద కూర్చున్నవారి తలలమీద పడియుండును. ఆ కప్పును మరల ఎవరు బాగుచేసిరో మార్కు వ్రాయలేదు. స్నేహమునకు ఖర్చున్నది.

ఇక్కడ మనకు ఆదరణ కలుగు మాట యేమనగా, ప్రభువు వారి విశ్వాసమును చూచెను. మంచము మీదివాని విశ్వాసమును మాత్రమే గాక, మంచము మోసినవారి విశ్వాసమును లెక్కలోనికి తీసికొనెను. మన బ్రతుకులో మన ప్రార్థన మన నోట రాని దినములుండును. బిడ్డ చనిపోయిన దినము, పంట పోయిన దినము, కన్నకొడుకు తలుపు మూసిన దినము. అట్టి దినమున మన మంచము పట్టుకొనుటకు నలుగురున్నారా? మనము ఎవరి మంచమునైనను పట్టుకొనుచున్నామా?

3. మేము సిగ్గుతో నేర్చుకొన్న పాఠము

ఇతరులకు చెప్పుటకు ముందు మా తప్పు ఒప్పుకొనవలెను. 2021వ సంవత్సరమున మిరప తోటలకు నల్ల తామరపురుగు పట్టి, పూత పూతగానే రాలిపోయిన సంగతి మీలో అనేకులకు జ్ఞాపకమున్నది. మా సంఘములో ఒక సహోదరుడు కౌలుకు భూమి తీసికొని, అప్పు చేసి మిరప పెట్టెను. అతడు మాకు చిన్ననాటి స్నేహితుడు కూడ. పంట పోయిన తరువాత అతడు గుడికి వచ్చుట మానెను. మూడు ఆదివారములు గడచెను.

మేము వెళ్లలేదు. ఇచ్చుటకు మా చేతిలో డబ్బు లేదు. వట్టి చేతులతో వెళ్లి ఏమి చెప్పుదుమని అనుకొంటిమి. సిగ్గుపడుచున్నాడు, కొన్నాళ్లు ఊరకుండనిత్తమని మా మనస్సాక్షికి సర్దిచెప్పుకొంటిమి. సెల్ ఫోనులో మీ కొరకు ప్రార్థించుచున్నామని ఒక వరుస వ్రాసి పంపితిమి. నిజము చెప్పవలెనంటే, ఆ వరుస వ్రాసిన రాత్రి ప్రార్థన కూడ సరిగా చేయలేదు.

వెళ్లినవాడు మరియొకడు. దిగువ పేటలో నుండు కూలి మనిషి; అక్షరము రాదు; సెంటు భూమి లేదు. మన పెద్దలు ఆ రెండు పేటల నడుమ పెండ్లి సంబంధము ఎరుగరు, ఒక బంతిలో భోజనము కూడ చాలకాలము ఎరుగరు. ఆ మనిషి ప్రతి సాయంకాలము పని ముగించుకొని వచ్చి, మన సహోదరుని అరుగుమీద కూర్చుండెడివాడు. ఒకనాడు పశువుల కొట్టములో మిగిలియున్న పురుగుమందు డబ్బాను చూచి, “అన్నా, ఇది నా చేనుకు కావాలి, పట్టుకుపోతున్నా” అని తీసికొనిపోయెను. అతనికి చేను లేదని ఊరంతటికి తెలియును. ఇంటివారికిని తెలియును. ఎవరును ఏమియు అనలేదు.

తరువాత చాలా దినములకు మన సహోదరుడు మాతో ఇట్లు చెప్పెను: “అయ్యగారూ, ఆ డబ్బా వైపు నేను రెండుసార్లు పోయి వచ్చాను. మూడోసారి పోతే అది లేదు. ఆ రాత్రి వాడు మా ఇంట్లోనే పడుకున్నాడు. నాకు ప్రార్థన రాలేదు. వాడే పరలోక ప్రార్థన చెప్పాడు. నేను ఆమేన్ అన్నాను, అంతే.”

ఆ మాట విన్నప్పుడు మేము తల ఎత్తలేకపోతిమి. మేము వేదశాస్త్రము చదివినవారము. ఆ కూలి మనిషి యోనాతాను కథ చదువలేదు గాని దానిని చేసెను. మరునాడు అతడు ఆ యింటివారితో కలిసి ఆ సహోదరుని పెద్దాసుపత్రికి తీసికొనిపోయి డాక్టరుకు చూపించెను. ప్రార్థన చేసితిమి గదా, డాక్టరెందుకని అనలేదు. తరువాత సంఘ పెద్దలు అప్పులవారితో కూర్చుండి మాటలాడి గడువు తెచ్చిరి. అప్పు ఇంకను పూర్తిగా తీరలేదు. మనిషి మాత్రము ఉన్నాడు. ప్రతి ఆదివారము గుడి మొదటి గంట అతడే కొట్టుచున్నాడు.

4. దోర్నకల్ నుండి వెళ్లిన మనవి

రెండు పేటల మాట వచ్చినది గనుక మన తెలుగు సంఘ చరిత్రలోని ఒక సంగతి చెప్పవలసియున్నది. వేదనాయగం శామ్యూలు అజరయ్యగారు తమిళ దేశమున తిరునెల్వేలి ప్రాంతమువారు. 1903లో అక్కడ స్థాపింపబడిన ఇండియన్ మిషనరీ సొసైటీ పక్షమున 1909లో దోర్నకల్‌కు వచ్చి, మన భాష నేర్చుకొని, మన పల్లెలలో సేవ చేసిరి. అమెరికా దేశస్థుడైన షెర్వుడ్ ఎడ్డీగారితో వారికి యౌవనమునుండి గాఢమైన స్నేహముండెను.

1910 జూను మాసమున స్కాట్లండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అప్పటికి అజరయ్యగారి వయస్సు 35 సంవత్సరములు. ఆ గొప్ప సభలో నిలిచి, మిషనరీలు చేసిన త్యాగములను మెచ్చుకొని, తరువాత మా కింకను కావలసినది మీ స్నేహమని అడిగిరి. దొర పైన, దేశీయుడు క్రింద అను ఎడము ప్రభువు పనిలో ఉండరాదని వారి భావము. ఆ మాట విని నొచ్చుకొన్నవారును సభలో ఉండిరి. కాని అది విడిచిపెట్టరాని మాట. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయులు వారే. 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి.

తెల్లవారిని వారు అడిగిన ప్రశ్న ఇప్పుడు మన ముందున్నది. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో పాలుపొంది, ఇంటికి వచ్చి నీ బంతి వేరు, నా బంతి వేరు అనినచో, మనము పాలుపొందినది ఎవరి బల్ల? కానుకలు కలిపి లెక్కించి, మనుష్యులను విడదీసి కూర్చుండబెట్టుట విశ్వాసమగునా?

5. విశ్వాసము స్నేహమునకు ఏమి యిచ్చును?

లోకములో స్నేహము తరచుగా ఇచ్చిపుచ్చుకొనుటయే. విందుకు విందు, సాయమునకు సాయము. ఒకవైపు ఆగినచో రెండవవైపును ఆగును. విశ్వాసి స్నేహమునకు వేరు ఊట యున్నది. మనము యోగ్యులము కాకముందే ప్రభువు మనలను వెదకెను. తన్ను విడిచి పారిపోనున్న శిష్యులను ఆ రాత్రియే స్నేహితులని పిలిచెను (యోహాను 15:15). అట్టి స్నేహము పొందినవాడు లెక్క చూచుకొనకుండ ఇయ్యగలడు.

విశ్వాసము స్నేహమునకు నిజము చెప్పు ధైర్యమునిచ్చును. సారా కొట్టుకు తోడు వచ్చువాడు అనేకులకు దొరకును. ఇక చాలు, ఇంటికి పోదమని చేయి పట్టి లాగువాడు అరుదు.

విశ్వాసము ఎప్పుడు ఊరకుండవలెనో కూడ నేర్పును. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో కూర్చుండి ఒక్క మాటయైనను పలుకలేదు. అంతవరకు వారు మంచి స్నేహితులు. నోరు తెరచి, నీ పాపము వలననే ఇది వచ్చెనని వాదింప మొదలుపెట్టిన తరువాత పుండుమీద కారము చల్లినవారైరి. కష్టములో నున్న ఇంటికి వెళ్లి కారణములు చెప్పకుడి. కూర్చుండుడి. నీళ్లు తోడిపెట్టుడి. పశువులకు మేత వేయుడి.

విశ్వాసము సిగ్గును జయించును. పౌలు సంకెళ్లతో నుండగా ఒనేసిఫోరు రోమాకు వచ్చి, శ్రద్ధగా వెదకి అతనిని కనుగొనెను. ఖైదీ స్నేహితుడని పిలువబడుటకు సిగ్గుపడలేదు. అప్పులవాని ఇంటికి, కోర్టు పాలైనవాని ఇంటికి, కుమార్తె విషయమై ఊరు చెప్పుకొను ఇంటికి పట్టపగలు వెళ్లుట కూడ ఇట్టి సాక్ష్యమే.

6. ఈ నెల చేయదగినవి

మూడు ఆదివారములు గుడిలో కనబడని ఒకరి పేరు వ్రాసికొనుడి. ఫోను చేయుట మంచిదే, అయితే దానితో ఆగక నడిచి వెళ్లుడి. ఎవరైన బ్రతుకు మీద ఆశ విడిచి మాటలాడినచో దానిని తేలికగా తీసికొనక, ఒంటరిగా విడువక, ఇంటివారికి చెప్పి వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. గట్టు తగవు వలన గాని నీటి వంతు వలన గాని మాటలాడుట మానిన స్నేహితుడున్నచో, వచ్చు ప్రభు భోజనమునకు ముందు మీరే అతని గడప త్రొక్కుడి. రెండవ పేటలోని ఒక కుటుంబమును మీ ఇంటి భోజనమునకు పిలువుడి. వారు పిలిచినచో వెళ్లి తినుడి.

గృహ కూటములలో మాటలాడుకొనవలసిన ప్రశ్నలు

1. మన విశ్వాసము సన్నగిల్లిన దినమున మనయొద్దకు వచ్చినవారెవరు? వారికి కృతజ్ఞత చెప్పితిమా?
2. యోనాతాను రెండవవాడై యుండుటకు ఒప్పుకొనెను. స్నేహితుని మేలు చూచి మనకు అసూయ ఎక్కడ కలుగుచున్నది?
3. వట్టి చేతులతో ఎట్లు వెళ్లుదుమని మనము వెళ్లకుండ మానిన ఇల్లు ఏది?

మేము ఈ మూడవ ప్రశ్నకు మా జవాబు పైన వ్రాసితిమి. మీ జవాబు మీరు ప్రభువునకు చెప్పుకొనుడి. చెప్పుకొన్న తరువాత లేచి చెప్పులు తొడుగుకొనుడి.

ప్రార్థన: మమ్మును స్నేహితులని పిలిచిన ప్రభువా, మేము వెళ్లకుండ మానిన గడపలను మాకు జ్ఞాపకము చేయుము. వట్టి చేతులతోనైనను వెళ్లు మనస్సు నిమ్ము. మా నోట ప్రార్థన రాని దినమున మా పక్షముగా ప్రార్థించువారిని మాయొద్దకు పంపుము. ఆమేన్.