87కి అటూ ఇటూ: మోటర్‌హోమ్‌లో ఏ పెట్రోల్ పోయాలి?

వేసవి వచ్చిందంటే అమెరికాలోని తెలుగిళ్లకు అమ్మానాన్నలో అత్తమామలో దిగుతారు. పిల్లలకు బడి సెలవులు. మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ చూసొద్దామనే మాట ఏదో ఒక ఆదివారం భోజనాల దగ్గర లేస్తుంది. షికాగో వైపు ఉండేవాళ్లకు ఐ-90 ఎక్కితే దారి దాదాపు తిన్నగానే ఉంటుంది, ఎటుచూసినా 1,300 మైళ్ల పైమాటే. అరోరా బాలాజీ గుడి ముందు అద్దె బండి టైర్ల కింద కూడా నిమ్మకాయలు పెట్టించి బయల్దేరేవాళ్లు ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. మొదటి బంకు దగ్గరే మామగారికి అనుమానం వస్తుంది. "ఏమండీ అల్లుడుగారూ, మా గుంటూరులో మామూలు కారుకే 91 పోసేవాళ్లం. ఇంత పెద్ద బండికి 87 చాలంటారా?"

అల్లుడు తడుముకోనక్కర్లేదు. ఆ 91, ఈ 87 దాదాపు ఒకటే పెట్రోల్. ఇండియాలో ఆక్టేన్‌ని ఆర్‌వోఎన్ పద్ధతిలో చెబుతారు. అమెరికాలో ఆర్‌వోఎన్‌నీ, ఇంజనుని ఇంకాస్త కష్టపెట్టి కొలిచే ఎంవోఎన్‌నీ కలిపి సగటు తీస్తారు. పంపు మీది పసుపు స్టిక్కర్‌లో నల్లటి అక్షరాలతో కనిపించేది ఆ సగటే. అందుకే అంకె నాలుగైదు తగ్గి కనబడుతుంది. మన దగ్గర 95 అనేది ఇక్కడి లెక్కలో సుమారు 91, అంటే ప్రీమియం.

ఆక్టేన్ అనేది పెట్రోల్ బలమో, శుద్ధో కాదు. సిలిండర్‌లో నొక్కుకుపోయిన పెట్రోల్, గాలి మిశ్రమం స్పార్క్ నుంచి మంట చేరకముందే తనంతట తాను అంటుకోకుండా ఎంత ఓర్చుకోగలదో చెప్పే కొలత. ఇంజను ఎంత ఓర్పు కోరుతుందో అంత ఇస్తే చాలు, అంతకుమించి ఇచ్చినా దానికి ఒరిగేదేమీ లేదు. 2016లో అమెరికా వాహనదారుల సంస్థ ట్రిపుల్ఏ పరీక్షించి చూస్తే, రెగ్యులర్ చాలే కార్లలో ప్రీమియం పోసినందువల్ల శక్తిలోగానీ మైలేజీలోగానీ పొగలోగానీ లాభమేమీ కనబడలేదు. అప్పటికి ఏడాదిలో ఒక కోటీ 65 లక్షల మంది డ్రైవర్లు అలా అనవసరంగా ప్రీమియం పోయించి 210 కోట్ల డాలర్లు వదిలించుకున్నారని ఆ సంస్థే లెక్క తేల్చింది. మోటర్‌హోమ్‌కి ఈ లెక్క ఇంకా గట్టిగా తగులుతుంది. గ్యాలన్‌కి తొమ్మిది మైళ్లు ఇస్తే గొప్ప. తిరుగుళ్లతో కలిపి 3,000 మైళ్ల యాత్రకు 330 గ్యాలన్లు పడతాయి. రెగ్యులర్‌కీ ప్రీమియంకీ తేడా 80 సెంట్లు అనుకున్నా 260 డాలర్లకు పైనే ఎగిరిపోతాయి. ఆ డబ్బుతో పార్కు బయట కొన్ని రాత్రుల క్యాంప్‌గ్రౌండ్ అద్దె గడిచిపోతుంది.

బండికి ఏం కావాలో కనుక్కోవడం తేలికే. బండి పక్కన పెద్ద అక్షరాలతో ఉండేది ఇల్లు కట్టిన కంపెనీ పేరు, ఇంజను వాళ్లది కాదు. అద్దెకు దొరికే క్లాస్ సి బళ్లలో చాలామటుకు ఫోర్డ్ ఈ-సిరీస్ చాసిస్ మీద కట్టినవే. ఇటీవలి వాటిలో 7.3 లీటర్ల వీ8, అంతకుముందు వాటిలో 6.8 లీటర్ల వీ10 ఉంటాయి. రెండింటికీ 87 సరిపోతుంది. బస్సులా కనిపించే క్లాస్ ఎ పెట్రోల్ బళ్లు ఎక్కువగా ఫోర్డ్ ఎఫ్-53 మీదివి, వాటిదీ అదే కథ. వ్యాన్ లాంటి క్లాస్ బి దగ్గరే చూసుకోవాలి: మెర్సిడెస్ స్ప్రింటర్ మీద కట్టినవి చాలావరకు డీజిల్. ట్యాంకు మూత దగ్గరున్న స్టిక్కర్, డాష్‌బోర్డు అరలోని చాసిస్ మాన్యువల్, ఈ రెంటి మాటే చివరి మాట.

అసలు చిక్కు ప్రీమియంతో కాదు. దాని వల్ల పోయేది డబ్బే. కొత్తవాళ్లు తడబడేది 87కి చెరో పక్కనా, చవగ్గా, అమాయకంగా కనిపించే 88, 85 అంకెల దగ్గర.

ఐ-90 మీద ముందు ఎదురయ్యేది 88. విస్కాన్సిన్, మిన్నెసోటాల్లో చాలా బంకుల్లో "అన్‌లెడెడ్ 88" అని విడిగా బటన్ ఉంటుంది. 87 కంటే అంకె ఒకటి ఎక్కువ, ధర కొన్ని సెంట్లు తక్కువ. ఇంతకంటే మంచి బేరం ఏముంటుంది అనిపిస్తుంది. మామూలు పెట్రోల్‌లో ఇథనాల్ 10 శాతం వరకు ఉంటే దీనిలో 15 శాతం ఉంటుంది, అందుకే దీన్ని ఈ15 అనీ అంటారు. ఇథనాల్‌కి ఆక్టేన్ సహజంగానే ఎక్కువ కాబట్టి అంకె పెరిగింది, అంతే. 2001, ఆ తర్వాతి కార్లకూ తేలికపాటి ట్రక్కులకూ మాత్రమే ఈ15 వాడొచ్చని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అనుమతి. 14,500 పౌన్ల బరువుకి తయారైన ఈ-450 లాంటి భారీ చాసిస్‌లు ఆ అనుమతిలో లేవు. పంపు మీద నారింజ, నలుపు రంగుల లేబుల్‌లో హెచ్చరిక ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

ఇంజను ఎలాగో తట్టుకుంటుందని వాదించేవాళ్లకు జనరేటర్ సంగతి గుర్తుచేయాలి. పెట్రోల్ మోటర్‌హోమ్‌లో ఏసీకీ, మైక్రోవేవ్‌కీ, అత్తగారి రైస్ కుక్కర్‌కీ కరెంటు ఇచ్చే ఓనాన్ జనరేటర్ కూడా అదే ట్యాంకులోంచి తాగుతుంది. దానికి 10 శాతం ఇథనాల్ దాటకూడదు. చిన్న ఇంజన్లకు ఈ15 పొయ్యడం చట్టప్రకారం కూడా కుదరదు. పనిలో పని ఇంకొకటి: జనరేటర్ గొట్టం ట్యాంకు అడుగు దాకా దిగదు. పెట్రోల్ సుమారు పావు ట్యాంకుకి పడిపోగానే అది ఆగిపోతుంది, రాత్రి ఏసీ వేసుకుని పడుకున్నవాళ్లు తెల్లారి కదల్లేక ఇరుక్కోకుండా పెట్టిన ఏర్పాటది. అర్ధరాత్రి ఏసీ ఆగిందంటే చెడిపోయిందని అద్దె కంపెనీకి ఫోన్ చేసేముందు పెట్రోల్ ముల్లు చూడాలి.

సౌత్ డకోటా పడమటి కొసకి, రాపిడ్ సిటీ దాపులకు వచ్చేసరికి రెండో అంకె పలకరిస్తుంది. అక్కడినుంచి వయోమింగ్, మోంటానా, కొలరాడో, యూటాల్లో బంకుల ముఖం మారుతుంది. మూడు బటన్లలో మొదటిదాని మీద 85, నడిమిదాని మీద 87, చివరిదాని మీద 91. ఆ 85 మీదే "రెగ్యులర్" అని రాసి ఉంటుంది! ఇల్లినాయిలో అలవాటైన చెయ్యి పేరు చూసి నొక్కేస్తే పడేది 85. ఈ ఆచారం కార్బ్యురేటర్ల కాలం నాటిది. ఎత్తైన చోట గాలి పలచన, సిలిండర్‌లో ఒత్తిడి తక్కువ, కాబట్టి తక్కువ ఆక్టేన్‌తో బండి నడిచిపోయేది. ఇప్పటి ఇంజన్లలో కంప్యూటర్ గాలిని కొలిచి, మంట పడే వేళని సర్దుకుంటూ, దొరికినంత శక్తిని పిండుకుంటుంది. దానికి ఆ రాయితీ వర్తించదు. 87 కంటే తక్కువ వాడొద్దని, ఎత్తు ప్రాంతాల బంకుల్లో రెగ్యులర్ పేరుతో అలాంటిది అమ్ముతారని, దాంతో ఇంజను పాడైతే వారంటీ వర్తించకపోవచ్చని ఫోర్డ్ మాన్యువళ్లు విడమరిచి చెబుతాయి. పైగా మోటర్‌హోమ్ అక్కడే ఉండిపోదు. కొండమీద నింపిన 55 గ్యాలన్లతో తిరుగుముఖం పట్టి, పల్లపు మైదానాల ఎండలో, ఎదురుగాలికి ఫుల్ లోడుతో లాగుతుంది. ఆ కొండ రాష్ట్రాల్లో పేరు చూడకూడదు, అంకే చూడాలి.

ఎక్కుడు రోడ్ల మీద చెవి కూడా ఆనించాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు రేకు డబ్బాలో గులకరాళ్లు కదిపినట్టు టకటక వినిపిస్తే అదే నాకింగ్, అంటే మిశ్రమం తనంతట తాను అంటుకుంటున్న చప్పుడు. ఒకట్రెండు సెకన్లు లీలగా వచ్చి పోతే భయం లేదు, నాక్ సెన్సర్ సర్దేస్తుంది. ఎక్కుతున్నంతసేపూ వినిపిస్తే గేరు దించి నిదానంగా ఎక్కించాలి, తర్వాతి బంకులో 89 పోసి చూడాలి. వెనక కారు కూడా కట్టి లాగుతున్నవాళ్లు వేసవి కొండల్లో ఈపాటి ఖర్చు పెట్టుకోవడం వృథా కాదు. అప్పటికీ తగ్గకపోతే లోపం పెట్రోల్‌ది కాదు, మెకానిక్‌కి చూపించాలి.

పంపు దగ్గర చిల్లర సంగతులు కొన్నున్నాయి. డీజిల్ పిడి సాధారణంగా ఆకుపచ్చ, కానీ కొన్ని కంపెనీల బంకుల్లో పెట్రోల్ పిడే ఆకుపచ్చ, కాబట్టి రంగుని నమ్మకూడదు. కార్డు పెట్టగానే జిప్ కోడ్ అడుగుతుంది. ట్యాంకు నిండకుండానే 100, 125, 175 డాలర్ల దగ్గర పంపు ఆగిపోతే అది కార్డు పరిమితి, మళ్లీ గీకితే సరి. ఎడిసన్‌లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు ఇవన్నీ కొత్తే, ఎందుకంటే న్యూజెర్సీలో ఎవరి పెట్రోల్ వాళ్లు పోసుకోవడం 1949 నుంచీ నిషిద్ధం.

ఇంత చెప్పినా ఎవరో ఒకరు 85 నొక్కుతారు. సగం ట్యాంకులోపే గుర్తొస్తే కంగారు పడక్కర్లేదు, అక్కడే పంపు ఆపి మిగతాది 91తో నింపితే ఆక్టేన్ సగటున 87 దాటుతుంది. నిండా పోసేస్తే మాత్రం సామాను తక్కువేమీ కాదు కాబట్టి వేగం తగ్గించి, ఎత్తులెక్కేటప్పుడు పెడల్ మీద కాలు తేలిగ్గా వేసి, ముల్లు సగానికి రాగానే 91 కలపాలి. రసీదులు పారేయకూడదు. అద్దె ఒప్పందాల్లో తప్పు ఇంధనం వల్ల కలిగే నష్టం సాధారణంగా అద్దెకు తీసుకున్నవాళ్ల మీదే పడుతుంది, ఏ తేదీన ఏం పోశారో చెప్పే కాగితం ఆ రసీదొక్కటే.