కుట్టు మానినా నొప్పి మానకపోతే: గజ్జల వద్ద స్పర్శ పరీక్ష

గజ్జలో హెర్నియా ఆపరేషన్ అయినవారిలో చాలామందికి కొద్ది వారాల్లోనే నొప్పి తగ్గుతుంది. అయితే సుమారు 10 మందిలో ఒకరికి 3 నెలలు దాటినా మంట, పోటు, కరెంటు షాకు కొట్టినట్లు జిల్లుమనడం మిగిలిపోతాయి. పైకి కుట్టు చక్కగా మానివుంటుంది కనుక ఇంట్లోవాళ్లు "పనికి వెళ్లలేక వేషాలు" అంటారు. చోటు గజ్జ కావడంతో రోగి కూడా నోరు విప్పడు. ఇది వేషం కాదు. గజ్జ చర్మానికి స్పర్శనిచ్చే ఇలియోఇంగ్వైనల్, ఇలియోహైపోగాస్ట్రిక్, జెనిటోఫెమోరల్ అనే నరాల్లో ఒకటి కోతలోగాని, కుట్టులోగాని, మెష్ అనే వల చుట్టూ గట్టిపడిన మచ్చలోగాని చిక్కుకొని ఉండవచ్చు. స్కానింగులో ఇది చాలాసార్లు కనబడదు.

అందుకే స్పర్శ పరీక్ష. ఖరీదైన యంత్రం లేకపోయినా చేయవచ్చు. తెర కట్టి, రోగి అనుమతి అడిగి, కళ్లు మూసుకోమంటాము. ముందుగా ఆపరేషన్ కాని వైపు దూదితో తాకి, ఆ స్పర్శ ఎలా ఉందో గుర్తుపెట్టుకోమంటాము. తరువాత నొప్పి ఉన్న వైపు. ఆపైన కొత్త సూదిమొనతో మెల్లగా, చివరకు చల్లని స్టీలు చెంచాతో. బయటినుండి నొప్పి వైపుకు కొంచెం కొంచెంగా జరుపుతూ, తేడా తెలిసినచోట పెన్నుతో చుక్క పెడతాము. చుక్కలన్నీ కలిపితే చర్మంమీదే పటం తయారవుతుంది. కుష్ఠురోగుల చేతులు, పాదాలు పరీక్షించే నైలాన్ దారాలు ఉంటే ఒత్తిడిని ఇంకా కచ్చితంగా కొలవవచ్చు.

కొందరికి అక్కడ మొద్దుబారి ఉంటుంది. కొందరికి దూది తగిలినా భరించలేని మంట; అలాంటివారు లోదుస్తులు, బెల్టు కూడా ఓర్చుకోలేరు. ఈ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉండవచ్చు. విద్యార్థి నర్సులు ఇక్కడ తికమకపడుతుంటారు.

నొప్పి లేనివారిలో కూడా ఆపరేషన్ తరువాత మొద్దు ఉంటుంది. కాబట్టి పటం ఒక్కదానితోనే కారణం తేలదు. డాక్టరుగారు నరం దగ్గర మత్తు ఇంజెక్షను ఇచ్చి చూస్తారు. నొప్పి కాసేపు పోతే ఆ నరంపై అనుమానం బలపడుతుంది. మామూలు నొప్పి బిళ్లలకు లొంగని నరాల నొప్పికి వేరే మందులున్నాయి.

మొద్దుబారిన చోట ఉప్పు కాపడం, వేడి ఇటుక పెట్టవద్దు. వేడి తెలియక చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. గజ్జలో ఉబ్బు మళ్లీ వచ్చి లోపలికి పోకపోయినా, వాంతులైనా, ఎర్రబడి జ్వరం వచ్చినా స్పర్శ పరీక్షకోసం ఆగక అదేరోజు ఆసుపత్రికి రావాలి. డిశ్చార్జి కాగితం వెంట తీసుకురండి. వల వేశారో లేదో అందులో ఉంటుంది.