త్రీ నాట్ త్రీ చెప్పే చరిత్ర

ఎన్.సి.సి. పరేడ్‌లో త్రీ నాట్ త్రీ రైఫిల్‌ను భుజాన మోసినవారు మనలో చాలామంది ఉన్నారు. పోలీసు ఉద్యోగాల్లో చేరిన మన పూర్వ విద్యార్థుల్లోనూ ఎందరో దాన్ని చేతబట్టినవారే. దాని బరువు సుమారు 4 కిలోలు. ఆ బరువు మనకు గుర్తుంది గాని, దాని ఒంటి మీది అక్షరాలను చదివినవారు తక్కువ. పాత సైనిక తుపాకులను సేకరించి, అధ్యయనం చేసేవారు అనేక దేశాల్లో ఉన్నారు. వారి పనిలో ముఖ్యమైనది పేల్చడం కాదు, చదవడం. మనం కూడా ఈ తుపాకిని ఒక చరిత్ర పుస్తకంలా చదువుదాం.

పేరులోనే సగం పాఠం

దీని అసలు పేరు "షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్". ఒక్కొక్క మాటే చూద్దాం. పాత రైఫిల్ గొట్టం సుమారు 30 అంగుళాలు ఉండేది. కాల్బలానికీ, గుర్రపు దళానికీ ఒకే తుపాకి సరిపోవాలని దాన్ని సుమారు 25 అంగుళాలకు తగ్గించారు. అందుకే షార్ట్. మ్యాగజైన్ అంటే 10 తూటాలు పట్టే పెట్టె. లీ అంటే జేమ్స్ ప్యారిస్ లీ. స్కాట్లాండులో పుట్టి, కెనడాలో పెరిగి, అమెరికాలో పనిచేసిన ఈయనే దీని బోల్టును, మ్యాగజైన్‌ను రూపొందించాడు. ఎన్‌ఫీల్డ్ అనేది లండన్ దగ్గరి ఊరు. అక్కడి ఆయుధ కర్మాగారంలో గొట్టం లోపలి మెలిక గాళ్లను రూపొందించారు. గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళాలు కాబట్టి త్రీ నాట్ త్రీ.

1857 పాఠంలో మనం చదువుకున్న ఎన్‌ఫీల్డ్ తుపాకి వేరు. ఊరు ఒకటే గాని, అది మూతి నుండి మందు కూరే పాత రకం. మన త్రీ నాట్ త్రీలో ప్రసిద్ధమైన మార్క్ 3 రకం 1907లో వచ్చింది.

బోల్టు అంటే గడియ

తలుపు గడియను గుర్తు తెచ్చుకుంటే బోల్ట్ యాక్షన్ సులభంగా అర్థమవుతుంది. పిడిని పైకి తిప్పితే గడియ విడుతుంది. వెనక్కి లాగితే కాలిన తూటా గుల్ల బయటపడుతుంది. ముందుకు తోస్తే మ్యాగజైన్‌లోని స్ప్రింగు పైకెత్తిన కొత్త తూటా గొట్టంలోకి వెళుతుంది. పిడిని కిందికి దించితే గడియ బిగుస్తుంది. జర్మనీ వారి మౌజర్‌లో గడియ పళ్ళు ముందువైపు ఉంటాయి. లీ బోల్టులో వెనుకవైపు ఉంటాయి. మౌజర్ బోల్టు మరింత దృఢమైనది, లీ బోల్టు మరింత వేగమైనది. 300 గజాల గురి మీద నిమిషంలో 15 గుండ్లు పేల్చడం నాటి బ్రిటిష్ సైనికుల అభ్యాసంలో భాగం.

గుర్తులు చదవడం

బోల్టు పిడి కిందుగా, చెక్క బట్టు మొదలయ్యే చోట కుడివైపు చూడాలి. అక్కడ కిరీటం గుర్తు, రాజు పేరు పొడి అక్షరాలు, కర్మాగారం పేరు, సంవత్సరం, మార్క్ సంఖ్య ఉంటాయి. కలకత్తా దగ్గరి ఈషాపూర్ కర్మాగారంలో తయారైనవాటి మీద "జి.ఆర్.ఐ." అని ఉంటుంది. అంటే జార్జి, రాజు, చక్రవర్తి అని అర్థం. ఆ చివరి "ఐ" అక్షరం మన దేశం పరాధీనంలో ఉందని చెప్పే అక్షరం. గణతంత్రం వచ్చాక తయారైనవాటి మీద కిరీటం పోయి అశోకుని సింహాలు వచ్చాయి.

బోల్టు మీద, ముందు భాగాల మీద వేసిన సంఖ్యలు ఒకటైతే అవి మొదటి నుండీ కలిసి ఉన్న భాగాలని తెలుస్తుంది. సరిహద్దు కనుమల్లో చేతితో చేసిన నకిలీలూ ఉన్నాయి. వాటిలో కొన్నిటి మీద ఇంగ్లీషు అక్షరాలు తిరగబడి ఉంటాయి. విక్టోరియా రాణి 1901లో మరణించింది. ఆమె పేరు గుర్తు పక్కన 1907 అని ఉంటే ఆ ముద్ర నకిలీదని వెంటనే చెప్పవచ్చు. స్పెల్లింగూ, తేదీలూ తెలిసిన విద్యార్థి నకిలీని పట్టగలడు! అందుకే నిజమైన సేకర్తలు పాత తుపాకిని రుద్ది మెరిపించరు. రుద్దితే సాక్ష్యం చెరిగిపోతుంది.

నమ్మకం ఎవరి మీద?

మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడ ఉంది. ఆయుధం ఎవరి చేతికి ఇచ్చారో చూస్తే, పాలకులు ఎవరిని నమ్మారో తెలుస్తుంది. 1914లో మన సైనికులు ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగాకనే వారికి కొత్త రకం రైఫిళ్ళు ఇచ్చారు. ఈ తుపాకికి ముందు రూపమైన లీ-మెట్‌ఫర్డ్ 1888లో వచ్చింది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే, 1890ల మొదట్లో, మహర్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. బాబాసాహెబ్ అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. అటువంటి కుటుంబాల పిల్లలకు ఆ తలుపు మూసుకుపోయింది. మహర్ రెజిమెంట్ ఏర్పడింది 1941లో.

1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో నిరాయుధుల మీద 1,650 గుండ్లు పేల్చింది ఈ త్రీ నాట్ త్రీలతోనే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నుండి 26 తుపాకులు తీసుకుపోయింది. ఆయుధం ప్రజల చేతికి పోతుందనే భయం పాలకులకు ఎప్పుడూ ఉండేది. ఈషాపూర్‌లో మార్చిన ఒక రకం త్రీ నాట్ త్రీ దానికి సాక్ష్యం. పోలీసుల కోసం, జైలు కాపలాదారుల కోసం దాని గొట్టాన్ని వెడల్పు చేసి నున్నగా తొలిచారు. మ్యాగజైన్‌లో కొయ్యముక్క బిగించారు. ఒకసారికి ఒకే తూటా. సైన్యం వాడే తూటా దానికి సరిపోదు. బయటి నుండి చూస్తే సైనికుని తుపాకే, లోపల మాత్రం అపనమ్మకం.

తరువాతి కథ

1962 చైనా యుద్ధంలో మన జవాన్లు ఈ బోల్ట్ తుపాకులతోనే పోరాడారు. ఆ తరువాత ఈషాపూర్‌లో దృఢమైన ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల తూటాకు తగినట్లు దీన్ని మార్చి 2ఏ అనే రకాన్ని తయారుచేశారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికారు.

తమ్ముళ్ళారా, ఒక హెచ్చరిక. మన దేశంలో త్రీ నాట్ త్రీ నిషేధిత బోరు. పాతదే కదా అని ఎవరూ ఇంట్లో ఉంచుకోరాదు. మన అధ్యయనం పరేడ్ మైదానంలో, మ్యూజియంలో, గ్రంథాలయంలోనే సాగాలి. తుపాకి ఎవరిదైనా, ఎంత పాతదైనా, ముందు అది ఖాళీగా ఉందో లేదో చూడాలి. దాన్ని ఎవరి వైపూ గురిపెట్టరాదు.

ఈసారి పరేడ్‌లో రైఫిల్ అందుకున్నప్పుడు భుజానికెత్తే ముందు ఒక్క క్షణం దాని కుడివైపు చూడండి. కిరీటం ఉందా, సింహాలు ఉన్నాయా? ఏ సంవత్సరం? అప్పుడు అది ఎవరి చేతిలో ఉండేది, ఎవరి చేతికి అందకుండా ఉండేది? ఒకప్పుడు ఆ తలుపు మూసుకుపోయినవారి పిల్లలం నేడు అదే తుపాకి పట్టుకొని జాతీయ జెండాకు వందనం చేస్తున్నాం. ఆ గుర్తు చదవగలిగితే ఈ పాఠం మనకు వచ్చినట్టే.