చివరి బెంచీదాకా కనబడేలా రాయి, చిన్నా

తెనాలి

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

మేమిక్కడ క్షేమం. మీ పెదనాన్నకి మోకాళ్ళ నొప్పి తగ్గింది, పొద్దున్నే కాలవగట్టు మీద కాసేపు నడిచొస్తున్నారు. నీ సంగతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు బీఈడీ మానేస్తాడటక్కా, హైదరాబాద్ పోయి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటాడట, నువ్వైనా చెప్పు" అని ఏడ్చింది. నాకు రాసిన ఉత్తరంలో నువ్వా మాట ఎత్తలేదు. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో నువ్వు బోర్డు వైపు తిరగ్గానే వెనక నుంచి ఎవడో కాకిలా అరిచాడనీ, క్లాసంతా గొల్లుమందనీ, కేకలేసి కేకలేసి నీ గొంతు పోయిందనీ రాశావు. పక్క గదిలోంచి ఒక మాస్టారు బెత్తంతో వచ్చి గుమ్మంలో నిలబడగానే అందరూ నోళ్ళు మూసుకున్నారనీ రాశావు. "వాళ్ళకి నేను సారుని కాదు పెద్దమ్మా, ట్రైనింగ్ సారుని" అన్నావు. ఆ మాట చదివి నాకు కళ్ళు చెమర్చాయి.

ముందు గొంతు సంగతి చూసుకో నాన్నా. పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్ళలో ఉప్పు వేసుకుని పుక్కిలించు. ఫ్రిజ్ నీళ్ళ జోలికి పోకు. ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేతికి మిరియాల పొడి ఇచ్చి పంపిస్తున్నాను, పాలల్లో కలుపుకో.

ఇక అసలు మాట. పద్నాలుగేళ్ళ పిల్లలు కొత్త మనిషిని పరీక్షించకుండా ఉండరు. ఆ బడికి ఏటా మీలాంటివాళ్ళు వస్తారు. పాఠ్యపథకాలు రాసుకుంటారు, పరిశీలనకి పెద్దవాళ్ళొచ్చిన రోజున చార్టులు తగిలిస్తారు, రికార్డుల మీద హెడ్మాస్టరు గారి సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోతారు. ఈయన ఎన్నాళ్ళుంటాడో పిల్లలకి ముందే తెలుసు. అందుకే తొందరపడి దగ్గరికి రారు. అందులో నీ తప్పు లేదు, వాళ్ళ తప్పూ లేదు.

గిజుభాయి రాసిన 'పగటికల' నీకు పదో తరగతిలో ఇచ్చాను, చదివావో లేదో. ప్లీడరీ వదిలేసి పిల్లల చదువు పట్టుకున్న మనిషాయన. ఆ పుస్తకంలో మాస్టారు మొదటి రోజు నాలుగో తరగతి పిల్లల చేత మౌనంగా ఉండే ఆట ఆడించబోతే, వాళ్ళు అల్లరి చేసి ఆటంతా పాడుచేస్తారు. మర్నాడు ఆయన కథ మొదలుపెడితే అదే పిల్లలు కదలకుండా కూర్చుని వింటారు. నువ్వు మొదటి రోజు దగ్గరే ఆగిపోయి పుస్తకం మూసేస్తానంటున్నావు.

మీ కాలేజీలో సూక్ష్మబోధన చేయించారు కదా. 6 నిమిషాలు పాఠం, 6 నిమిషాలు లోటుపాట్లు, 12 నిమిషాలు మళ్ళీ తయారవడం, ఇంకో ఆరు, ఇంకో ఆరు, మొత్తం 36 నిమిషాల చక్రం. ఎదురుగా కూర్చునేది నీ తోటి ట్రైనీలే, వాళ్ళు కాకిలా అరవరు. ఆ నైపుణ్యాల పట్టికలో నల్లబల్ల వినియోగం కూడా ఒకటి ఉంటుంది. దానికీ ఆ ఆరు నిమిషాలే! నాకు కడుపు మండేది ఇక్కడే. ఉన్ముఖీకరణ అంటారు, పునర్బలనం అంటారు, ప్రశ్నలడిగే తీరు అంటారు, అన్నిటి మీదా గంటలకొద్దీ మాట్లాడతారు. బోర్డు దగ్గర ఎలా నిలబడాలో మాత్రం ఎవరూ దగ్గరుండి చూపించరు. ఆ కాకి ఎప్పుడు అరిచింది చిన్నా? నువ్వు వీపు తిప్పినప్పుడు. అంటే గోడకి ముఖం పెట్టి ఎంతసేపు రాశావో నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది.

బోర్డుకి ఓ పక్కగా నిలబడు. ఒళ్ళు సగం పిల్లల వైపు ఉండాలి. రాసేది నోటితో చదువుతూ రాయి. రెండు వరసలు రాయగానే తిరిగి చూడు, ఒకణ్ణి లేపి తరవాతి మెట్టు అడుగు, వాడు చెప్పిందే రాయి. సుద్దముక్క కొత్తదైతే విరిచి పట్టుకో, కీచుమనదు. ఉన్నచోటే నిలబడి చెయ్యి చాపుకుంటూ పోతే గీత కిందికి జారుతుంది, అక్షరంతో పాటు నువ్వూ జరుగు. డస్టరు పైనుంచి కిందికి లాగు, అడ్డంగా తుడిస్తే దుమ్ము ముందు బెంచీ పిల్లల మీద పడుతుంది. పైన తేదీ, క్లాసు, రోలు, హాజరు వెయ్యి. ఎడమ పక్క లెక్కలో మెట్లు, అవి పిరియడ్ అయ్యేదాకా ఉండాలి. కుడి పక్క చిత్తు లెక్క, అది చెరిపేసుకోవచ్చు. ఎర్రసుద్ద, నీలంసుద్ద దూరానికి ఆనవు, పసుపు వాడు. అన్నిటికంటే ముఖ్యం, రాసిన తరవాత నడుచుకుంటూ వెళ్ళి చివరి బెంచీలో కూర్చుని నీ రాత నువ్వే చదువుకో. కిటికీ వెలుగు పడి సగం బోర్డు తళతళలాడుతూ ఉంటుంది, ముందు నిలబడితే ఆ సంగతి తెలియదు.

ఇదంతా ఏం చాదస్తం అనుకోకు. మా ట్రైనింగ్‌లో తోటివాళ్ళ పాఠం చూసి పరిశీలన పుస్తకంలో రాయాలి. అలా ఓ రోజు చివరి బెంచీలో ఓ ఆడపిల్ల పక్కన కూర్చున్నాను. బోర్డు మీద ఏ ప్లస్ బి హోల్ స్క్వేర్ నడుస్తోంది. పైన చిన్నగా వేసిన 2 అంత దూరం వచ్చేసరికి ఆ పిల్ల కంటికి పక్కనున్న 2గా కనిపించింది. నోట్సులో అలాగే రాసుకుంది. తరవాత ఇచ్చిన లెక్కకి రెండు ఏ ప్లస్ రెండు బి అని గుణించి, పెన్సిల్ కొన కొరుకుతూ కూర్చుంది. తను రాసుకున్నదాని ప్రకారం ఆ పిల్ల చేసిన గుణకారంలో తప్పే లేదు. సాయంత్రం దిద్దుబాట్లలో ఆ పిల్లకి సున్నా పడింది. నాకిప్పుడు అరవై ఏళ్ళు దాటినా ఆ సున్నా గుర్తుంది. అల్లరి చేసే బెంచీలు ఎప్పుడూ వెనకవే ఎందుకవుతాయని అడిగేవాళ్ళకి నేనిదే చెప్తాను. అక్కడికి పాఠం చేరదు. చేరని పిల్లలు 45 నిమిషాలు ఏం చెయ్యాలి?

నాకు బోర్డు రాత నేర్పింది మా డ్రాయింగ్ మాస్టారు. సాయంత్రం బడి వదిలాక మమ్మల్ని నిలబెట్టి అంకెలు దిద్దించేవారు. ఆ రోజుల్లో పెయింటు పోయిన బోర్డుకి పిల్లలు బొగ్గు నూరి, దొండాకు పసరుతో కలిపి రుద్దేవాళ్ళు. మీ అమ్మ కూడా పలకకి అదే రుద్ది, గౌనంతా నల్లగా చేసుకుని తిట్లు తినేది, అడుగు చెప్తుంది. ఆలస్యమైన రోజుల్లో మీ తాతయ్య గొడుగు పట్టుకుని బస్టాండులో నా కోసం నిలబడేవారు. ఏమ్మా, ఇవాళ ఏం నేర్చుకున్నావంటే సున్నా గుండ్రంగా వేయడం నాన్నా అనేదాన్ని. ఆయన సంతోషించేవారు. నువ్వు టీచరువి అవుతున్నావని తెలిస్తే ఇంకెంత సంతోషించేవారో.

అప్పట్లో పరిశీలనకి వచ్చిన ఒకాయన నా రికార్డులో 'ఆడపిల్ల గొంతు, తరగతి అదుపు కష్టం' అని రాసిపోయారు. నేను గొంతు పెంచలేదు, బోర్డు పని పెంచాను. పిల్లల కళ్ళు బోర్డు మీదుంటే చేతులు నోట్సు మీదుంటాయి. చేతికి పని ఉన్న క్లాసులో కేకలు అక్కర్లేదు.

మీ బడిలో గోడకి పెద్ద ప్యానెల్ బిగించారని రాశావు. మంచిదే. శంకువునీ స్థూపాన్నీ తిప్పి చూపించడానికి దానికి సాటి లేదు. కానీ తెర మీది పేజీ మారిపోతుంది, నెమ్మదిగా రాసేవాడు అక్కడే ఉండిపోతాడు. పాఠంలో వెన్నెముకలాంటి నాలుగు మెట్లు బోర్డు మీద ఉండనీ. ఇంకో సంగతి, ఇప్పటి పుస్తకాల్లో తెలుగూ ఇంగ్లీషూ ఎదురెదురు పేజీల్లో ఉంటున్నాయి. నువ్వూ ట్రయాంగిల్ పక్కన త్రిభుజం అని రాయి. ఇంగ్లీషు మాట అందని పిల్ల తెలుగు పట్టుకుని దాన్ని అందుకుంటుంది.

బెత్తం మాట మాత్రం కుదరదు చిన్నా. ఆ మాస్టారు నీకు సాయం చేద్దామనే వచ్చి ఉంటారు, ఆయన్ని ఏమీ అనకు, నమస్కారం పెట్టు. కానీ ఆ దారి నీకొద్దు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. తొమ్మిదో తరగతి వాళ్ళకి పద్నాలుగు దాటాయి, ఆ చట్టం వర్తించదు కదా అని ఎవరైనా వాదిస్తే వినకు. దెబ్బకి ఊరుకున్న క్లాసు నీ మాట విన్నట్టు కాదు. కాకిలా అరిచిన వాణ్ణి పట్టుకోవాలని కూడా చూడకు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నువ్వూ పిల్లలతో కూర్చో, వాడే నీ పక్కకొచ్చి కూర్చుంటాడు. అప్పుడు వాడి ఊరు అడుగు, ఇంట్లో ఎవరేం చేస్తారో అడుగు.

నువ్వు తింటున్నావా అసలు? సన్నబడ్డావని మీ అమ్మ అంది. ఆవకాయ సీసా అయిపోతే చెప్పు. హాస్టల్ సాంబారుతో ఎంతకని నెట్టుకొస్తావు.

మా కాలంలో బీఈడీ ఏడాదే. పిల్లల పేర్లు నోటికొచ్చేసరికి మా ప్రాక్టీసు అయిపోయేది. 2014లో వచ్చిన నిబంధనలతో కోర్సు రెండేళ్ళయింది, మీకు 20 వారాలు బళ్ళో ఉండే వీలు దొరికింది. ఆ వారాల్ని రికార్డులకే ఖర్చుపెట్టకు. డీఎస్సీ సంగతి తరవాత చూద్దాం. ర్యాంకు వచ్చినా రాకపోయినా క్లాసులో నిలబడడం చేతనైన మనిషికి బడిలో చోటుంటుంది.

నేను అడిగేది ఒక్కటే. ఇంటర్న్‌షిప్ పూర్తయ్యేదాకా మానేసే మాట ఎత్తకు. అది ముగిసిన రోజున కూడా నీకు ఈ పని వద్దనిపిస్తే తెనాలి రా, మీ అమ్మతో నేనే మాట్లాడతాను, నిన్ను ఎవరూ ఒక్క మాట అనరు. అప్పటిదాకా రోజూ పిరియడ్ కాగానే చివరి బెంచీ నోట్సు ఒకటి తెరిచి చూడు. బోర్డు మీద నువ్వు రాసిందే అందులో ఉందో లేదో చూసి, వారానికోసారి నాకు రాయి. మీ అమ్మకి మాత్రం ఈ ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ